వేప్ పరికరంలో టెంపరేచర్ కంట్రోల్ కచ్చితంగా పనిచేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

టెంపరేచర్ కంట్రోల్ ఉన్న వేప్ తీసుకున్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే విసిగిపోయి మళ్లీ వాటేజ్ మోడ్‌కి (వేడిని చూడకుండా, పెట్టిన వాట్లు పంపే మోడ్) వెళ్లిపోతుంటారు. ఆవిరి రావట్లేదని ఒకరు, ఊరికే ఆగిపోతోందని ఇంకొకరు, 220 పెట్టినా లిక్విడ్‌ని పీల్చే దూది మాడిపోయిందని మరొకరు. ఫిర్యాదులు వేరువేరుగా కనిపించినా చాలావాటికి మూలం ఒకటే: తెర మీద కనిపించే డిగ్రీలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకపోవడం. కింద రాసిన డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే. వాడుకలో ఉన్నట్టే టెంపరేచర్ కంట్రోల్‌ని టీసీ అని రాశాను.

### పరికరం లోపల థర్మామీటర్ లాంటిది ఉంటుందా?

కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ చుట్ట) దగ్గర ఏమీ ఉండదు. మాడ్‌కి, అంటే బ్యాటరీ, చిప్ ఉండే భాగానికి, తెలిసింది ఒక్కటే, కాయిల్ రెసిస్టెన్స్. కొన్ని లోహాలు వేడెక్కే కొద్దీ వాటి రెసిస్టెన్స్ ఒక పద్ధతి ప్రకారం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓంలు, ఇప్పుడు ఎన్ని ఓంలు అని చూసుకుని, ఆ తేడాని బట్టి చిప్ వేడిని లెక్కగడుతుంది. అనుకున్న రెసిస్టెన్స్ రాగానే కరెంటు తగ్గిస్తుంది. తెర మీద కనిపించే 220 ఆ లెక్కలో తేలిన జవాబు. లెక్కలోకి వెళ్లిన అంకెల్లో ఏది తప్పినా జవాబు తప్పుతుంది, పైగా తప్పిందని పరికరానికి తెలిసే దారి లేదు.

### ఆ లెక్క ఏమిటి?

హైస్కూల్ ఫిజిక్స్‌లోదే. వేడి రెసిస్టెన్స్ = చల్లటి రెసిస్టెన్స్ × (1 + టీసీఆర్ × పెరిగిన డిగ్రీలు). టీసీఆర్ అంటే ఒక్కో డిగ్రీకి రెసిస్టెన్స్ ఎంత భాగం పెరుగుతుందో చెప్పే అంకె. ఒక్కో లోహానికి ఒక్కోలా ఉంటుంది.

ఉదాహరణకి ఎస్ఎస్316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ 20 డిగ్రీల దగ్గర 0.50 ఓం అనుకుందాం. దాని టీసీఆర్ 0.00092గా తీసుకుంటే, 220 డిగ్రీలకి చేరేసరికి 0.592 ఓం అవుతుంది. అంటే 200 డిగ్రీల కథ అంతా 0.092 ఓంలోనే నడుస్తోంది. కొలతలో 0.01 ఓం అటూ ఇటూ అయితే దాదాపు 22 డిగ్రీలు తేడా వచ్చేస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే కింది జవాబుల్లో సగం మీరే ఊహించగలరు.

### ఏ తీగలు పనికొస్తాయి? వాటి టీసీఆర్ ఎంత?

సుమారు విలువలు ఇవి:

నికెల్ ఎన్ఐ200: 0.0060
టైటానియం గ్రేడ్ 1: 0.0035
నికెల్-ఐరన్ ఎన్ఐఎఫ్ఈ30: 0.0032
ఎస్ఎస్430: 0.0014
ఎస్ఎస్304: 0.00105
ఎస్ఎస్316ఎల్: 0.0009 చుట్టుపక్కల

చాలా మాడ్‌లలో ఈ అంకెని లక్షతో గుణించి ఎక్కించాలి. అంటే 0.00092 అయితే 92, 0.0035 అయితే 350. తయారీదారుని బట్టి, తీగ చుట్టని బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి తీగ అమ్మినవాళ్లు ఇచ్చిన విలువ ఉంటే ముందు దాన్నే పెట్టండి.

నిక్రోమ్ ఎన్ఐ80కి టీసీఆర్ 0.0001 దగ్గర ఉంటుంది. కాంథాల్‌కైతే దాదాపు సున్నా. హీటర్లలో వాడే ఈ కాంథాల్ వేడెక్కినా రెసిస్టెన్స్ పెద్దగా మారదు. టీసీకి అదే అడ్డు.

### వీటిలో కచ్చితత్వానికి ఏది మేలు?

టీసీఆర్ ఎక్కువ ఉన్నదే మేలని అనిపిస్తుంది. 2014లో ఎవాల్వ్ సంస్థ డీఎన్ఏ 40 చిప్‌తో టీసీని తెచ్చినప్పుడు నికెల్‌తోనే మొదలుపెట్టింది, కారణం కూడా అదే. కానీ చిప్ కొలిచేది ఓంలలో మార్పు. అందుకని టీసీఆర్‌ని కాయిల్ రెసిస్టెన్స్‌తో గుణించి చూడాలి. 0.10 ఓం నికెల్ కాయిల్‌లో ఒక్కో డిగ్రీకి 0.6 మిల్లీఓం మారుతుంది. 0.40 ఓం టైటానియం కాయిల్‌లో 1.4 మిల్లీఓం. 0.50 ఓం ఎస్ఎస్316ఎల్‌లో 0.46 మాత్రమే. నికెల్‌కి టీసీఆర్ ఎంత ఉన్నా తీగ రెసిస్టెన్స్ మరీ తక్కువ కావడంతో ఆ లాభం చాలావరకు కొట్టుకుపోతుంది. అదీగాక మెత్తటి తీగ, దూది మార్చేటప్పుడే వంకరపోతుంది.

నా మటుకు కచ్చితత్వమే కావాలంటే టైటానియం. ఎన్ఐఎఫ్ఈ30 కూడా బాగుంటుంది గానీ తడితో వదిలేస్తే తుప్పు పడుతుంది. ఎస్ఎస్316ఎల్ అందరూ వాడేది, వాటేజ్ మోడ్‌లోనూ పనిచేస్తుంది, చుట్టడం తేలిక. కాకపోతే మాడ్ రెసిస్టెన్స్‌ని దశాంశం తర్వాత మూడు అంకెల దాకా చూపిస్తేనే దాన్ని నమ్మాలి. రెండంకెలే చూపే పరికరంలో కొలత కూడా అంతే ముతకగా ఉంటే 0.50 ఓం స్టీల్ కాయిల్‌కి ఒక్కో మెట్టు 22 డిగ్రీలు. స్టీలే వాడాలనుకుంటే 0.8 నుంచి 1 ఓం దాకా చుట్టుకోండి. రెసిస్టెన్స్ రెట్టింపైతే అదే కొలత లోపం తెచ్చే తేడా సగమవుతుంది. పెద్ద ఆవిరి కోసం 0.15 ఓం స్టీల్ కాయిల్ చుట్టి టీసీలో వాడాలనుకోవడం కోరి టెన్షన్ తెచ్చుకోవడమే.

### కాంథాల్ కాయిల్ పెట్టి టీసీ మోడ్ ఆన్ చేస్తే ఏమవుతుంది?

కొన్ని మాడ్‌లు రెసిస్టెన్స్ మారట్లేదని గమనించి తమంతట తామే వాటేజ్ మోడ్‌కి మారిపోతాయి. మిగతావి పెట్టిన వాట్లు పెట్టినట్టే కాయిల్‌లోకి పంపిస్తూ పోతాయి. తెర మీద టీసీ అని ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు.

### తీగ ఒకటి, మోడ్ ఇంకొకటి పెడితే?

ఏ వైపు తప్పారన్నదాన్ని బట్టి ఉంటుంది. నికెల్ కాయిల్ పెట్టి స్టీల్ మోడ్‌లో 220కి పెట్టారనుకోండి, కాయిల్ 50 డిగ్రీలు చేరగానే చిప్ పని అయిపోయిందనుకుని ఆపేస్తుంది. ఆవిరి రాదు, ప్రమాదమూ లేదు. స్టీల్ కాయిల్ పెట్టి నికెల్ మోడ్ ఎంచుకుంటే మాత్రం రెసిస్టెన్స్ 2.2 రెట్లు అయ్యేదాకా చిప్ ఆగదు. లెక్క ప్రకారం స్టీల్ అలా కావాలంటే 1300 డిగ్రీలు దాటాలి. అంటే అసలు ఆగదు, దూది అంటుకుంటుంది.

చిన్న తేడాలూ లెక్కకొస్తాయి. నిజంగా 0.00092 ఉన్న తీగకి 0.00105 పెడితే, 220 అనుకున్నది దాదాపు 248 అవుతుంది. 0.00080 పెడితే 194 దగ్గరే ఆగుతుంది. టీసీఆర్ అంకె ఎక్కువ పెడితే అనుకున్నదానికన్నా వేడి, తక్కువ పెడితే చల్లదనం. సందేహంగా ఉంటే ఎప్పుడూ తక్కువ వైపు నుంచి మొదలుపెట్టండి.

### బేస్ రెసిస్టెన్స్ గురించి అందరూ అంత గట్టిగా ఎందుకు చెబుతారు?

చల్లటి రెసిస్టెన్స్‌నే బేస్ రెసిస్టెన్స్ అంటారు. లెక్క మొత్తం దాని మీదే నిలబడింది. కాయిల్ పూర్తిగా చల్లారకముందే మాడ్ దాన్ని చదివేసి, ఇదే చల్లటి విలువ అని రాసుకుందనుకోండి. కాయిల్ అప్పటికి 60 డిగ్రీలుంది, మాడ్ మాత్రం 20 అనుకుంటోంది. స్టీల్ కాయిల్‌కి మీరు 220 పెడితే నిజంగా వెళ్లేది దాదాపు 267కి. నికెల్ అయితే ఇంకా ఘోరం, 308 దాకా వెళ్తుంది. తెర మాత్రం రెండు సందర్భాల్లోనూ 220 అనే చూపిస్తుంది.

ఇది ఎప్పుడు జరుగుతుందంటే, పీలుస్తూ పీలుస్తూ మధ్యలో ట్యాంక్ తీసి లిక్విడ్ నింపి వెంటనే బిగించినప్పుడు. బ్యాటరీ మార్చినప్పుడు. ఒక మాడ్ మీద వాడుతున్న ట్యాంక్‌ని తీసి ఇంకో మాడ్ మీద పెట్టినప్పుడు. కాయిల్ తీగ త్వరగానే చల్లారుతుంది గానీ తడి దూది, కాయిల్ కింది లోహం, ట్యాంక్ లోహం వేడిని పట్టుకుని ఉంటాయి, తీగ ఆ వేడిలోనే ఉంటుంది. పది నిమిషాలు పక్కన పెట్టి, ట్యాంక్ చేతికి గది వేడిలోనే తగిలాక బిగించండి. కొత్త కాయిల్ అయితే మొదటి కొన్నిసార్లు వేడయ్యాక రెసిస్టెన్స్ కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి, అప్పుడు చల్లారనిచ్చి మరోసారి చదివించడం మంచిది.

### కొత్త కాయిలా, పాతదా అని మాడ్ అడిగితే ఏం చెప్పాలి?

అదే కాయిల్ అయితే పాతదే అనండి, వేడిగా ఉన్నా సరే. అప్పుడు అది ముందు రాసుకున్న బేస్‌నే వాడుకుంటుంది. నిజంగా కొత్తది పెట్టినప్పుడు, అదీ చల్లగా ఉన్నప్పుడే, కొత్తది అనాలి. చదవకుండా ఏదో ఒక బటన్ నొక్కేయడం వల్ల వచ్చే గొడవలే ఎక్కువ.

### రెసిస్టెన్స్ లాక్ చేయాలా?

మాడ్ స్వభావాన్ని బట్టి. కొన్ని చిప్‌లు కాయిల్ ఖాళీగా ఉన్నప్పుడల్లా బేస్‌ని మళ్లీ మళ్లీ చదివి సవరించుకుంటాయి. ఆ పని తెలివిగా చేస్తే మంచిదే, కాయిల్ చల్లారే కొద్దీ విలువ సరైన చోటికి దిగుతుంది. తెలివిగా చేయని చిప్ అయితే గోరువెచ్చటి కాయిల్‌ని బేస్‌గా తీసుకుని రోజంతా పైకి జారుతూ పోతుంది. మీ మాడ్‌లో బేస్ విలువ ఉదయానికీ సాయంత్రానికీ పెరుగుతూ కనిపిస్తే లాక్ చేయండి, కాయిల్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. వదులు స్క్రూతో లాక్ చేస్తే ఆ తప్పు కూడా లాక్ అయిపోతుంది.

### గది మరీ వేడిగానో, చల్లగానో ఉంటే తేడా వస్తుందా?

వస్తుంది. చాలా మాడ్‌లు చల్లటి కాయిల్ అంటే 20 డిగ్రీలనే అనుకుంటాయి. గది 35 ఉంటే, స్టీల్ కాయిల్‌కి 220 పెట్టినది 238 దాకా పోతుంది. కొన్ని చిప్‌లలో బోర్డు మీద చిన్న సెన్సర్ ఉండి గది వేడిని సవరిస్తుంది. అయితే మాడ్ జేబులోనో, ఛార్జింగ్‌లోనో వేడెక్కి ఉంటే ఆ సెన్సర్ గదిని కాక మాడ్‌నే కొలుస్తుంది. కాయిల్, మాడ్ రెండూ ఒకే చోట కాసేపు ఉన్నాక బేస్ చదివిస్తే ఈ గొడవ ఉండదు.

### కనెక్షన్లు ఎంతవరకు ముఖ్యం?

చిప్ ఎంత ఖరీదైనదైనా ఒక వదులు స్క్రూ ముందు దేనికీ కొరగాదు. మాడ్‌కీ కాయిల్‌కీ మధ్య కరెంటు చాలా అతుకుల గుండా వెళ్తుంది: మాడ్ మధ్యలో ట్యాంక్ బిగించే చోటి 510 పిన్, మరలు, అటమైజర్ (కాయిల్ ఉండే భాగం) అడుగు, తీగ కొసలు పట్టే పోస్టులు, స్క్రూలు. ప్రతి అతుకూ కొంత రెసిస్టెన్స్ కలుపుతుంది. అది స్థిరంగా ఉంటే సర్దుకోవచ్చు. మారుతూ ఉంటే అసలు సమస్య.

బేస్ చదివాక స్క్రూ కాస్త వదులై 0.02 ఓం పెరిగిందనుకోండి, 0.50 ఓం స్టీల్ కాయిల్‌లో చిప్‌కి అది 40 డిగ్రీలకు పైగా వేడిలా కనిపిస్తుంది. ముందుగానే ఆపేస్తుంది, ఆవిరి పల్చబడుతుంది. తిరగబడితే ప్రమాదం: వదులుగా ఉన్నప్పుడు బేస్ చదివి, తర్వాత ట్యాంక్‌ని గట్టిగా తిప్పితే, కాయిల్ అనుకున్నదానికన్నా అంత ఎక్కువ వేడెక్కుతుంది.

చేయాల్సినవి: 510 పిన్‌నీ మరలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. జిడ్డు, లిక్విడ్ అంటుకుని ఉంటే కొలత నిలకడగా ఉండదు. కొత్త కాయిల్ వేసి కొన్నిసార్లు వేడిచేశాక స్క్రూలు మళ్లీ బిగించండి, వేడికి వ్యాకోచించి వదులవుతాయి. తర్వాత ఒక చిన్న పరీక్ష: రెసిస్టెన్స్ చూస్తూ ట్యాంక్‌ని చేత్తో అటూ ఇటూ కదపండి. చివరి అంకె తప్ప ఇంకేదైనా మారితే కనెక్షన్ బాగాలేదు. ఇది తేలకుండా టీసీఆర్ అంకెలతో కుస్తీ పట్టి లాభం లేదు.

### మాడ్ సొంత రెసిస్టెన్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. అదేమిటి?

పిన్, పోస్టులు, వైర్లు కలిపి కాయిల్‌కి చెందని రెసిస్టెన్స్ కొన్ని మిల్లీఓంలు ఎప్పుడూ ఉంటుంది. కాయిల్ వేడెక్కినా అది పెద్దగా పెరగదు. కానీ చిప్ మొత్తం కాయిలే అనుకుని, మొత్తం పెరగాలని ఎదురుచూస్తుంది, ఆ లోటును కాయిల్ అదనపు వేడితో పూరించాల్సి వస్తుంది. 0.50 ఓం స్టీల్ కాయిల్‌కి 0.01 ఓం అదనం ఉంటే తేడా 4 డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు. 0.10 ఓం నికెల్ కాయిల్‌కి అదే 0.01 ఓం 20 డిగ్రీల తేడా తెస్తుంది. తక్కువ ఓంల కాయిల్ వాడేవాళ్లకే ఈ సెట్టింగ్ అవసరం. ఎవాల్వ్ చిప్‌లున్న మాడ్‌లలో ఎస్‌క్రైబ్ సాఫ్ట్‌వేర్‌తో దీన్ని ఎక్కించవచ్చు.

### కాయిల్ చుట్టడంలో జాగ్రత్తలు?

చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ ఉంచండి. చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది, రెసిస్టెన్స్ ఎగిరి దూకుతుంది, లెక్క తప్పుతుంది. నికెల్, టైటానియం కాయిల్స్‌కి ఇది తప్పనిసరి.

పోస్టు నుంచి కాయిల్ దాకా ఉండే కాళ్లు పొట్టిగా ఉంచండి. చిప్‌కి తెలిసేది మొత్తం తీగ సగటు వేడి మాత్రమే. పోస్టుల దగ్గర తీగ చల్లగా ఉంటే, ఆ సగటు అందుకోవడానికి మధ్య భాగం ఎక్కువ వేడెక్కుతుంది. దూది ఒక చోట పల్చగా, ఒక చోట దట్టంగా ఉన్నా ఇదే కథ: పొడిబారిన మూల 280 దగ్గర మాడుతున్నా సగటు 220 అనే వస్తుంది. రెండు కాయిల్స్ పెట్టేవాళ్లకి ఈ బాధ రెట్టింపు, ఒకటి ఎండిపోయినా రెండోది దాన్ని కప్పిపుచ్చుతుంది. కచ్చితత్వం కోరేవాళ్లకి ఒంటి కాయిలే మంచిది.

ఒక లోహం మీద ఇంకో లోహం చుట్టిన తీగలు, అంటే స్టీల్ మీద నిక్రోమ్ లాంటివి, టీసీకి వద్దు. రెండింటి టీసీఆర్ కలగలిసి ఏ అంకె వస్తుందో ముందే చెప్పలేం.

### టీసీలో వాట్లు ఎంత పెట్టాలి?

ఎంత వేడికి వెళ్లాలన్నది డిగ్రీలు చెబుతాయి, ఎంత తొందరగా వెళ్లాలన్నది వాట్లు చెబుతాయి. మరీ తక్కువైతే కాయిల్ ఆ వేడికి చేరనే చేరదు, మీరు వాడుతున్నది వాటేజ్ మోడే అవుతుంది. మరీ ఎక్కువైతే గీత దాటి పైకి పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటి, ఆవిరి కుదుపులుగా వస్తుంది. అదే కాయిల్‌ని వాటేజ్ మోడ్‌లో ఎన్ని వాట్లకి వాడతారో అక్కడ మొదలుపెట్టి, మొదటి క్షణం నెమ్మదిగా అనిపిస్తే కొంచెం కొంచెంగా పెంచండి. బలహీనమైన బ్యాటరీ ఉంటే ఎంత పెట్టినా అన్ని వాట్లు రావు, అప్పుడు తప్పు టీసీది కాదు.

### ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

చాలా మాడ్‌లలో 100 నుంచి 315 దాకా ఉంటుంది. అందులో 220 పైభాగం మీకు అవసరం లేదు. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గ్లిజరిన్ 290 దగ్గర. లిక్విడ్‌లో ఈ రెండూ, కొంత నీరూ కలిసి ఉంటాయి కాబట్టి ఆవిరి ఈ మధ్యలోనే మొదలవుతుంది. గ్లిజరిన్ ఎక్కువున్న లిక్విడ్‌కి కాస్త ఎక్కువ వేడి కావాలి.

దూది తడిగా ఉన్నంతసేపూ మరిగే లిక్విడే కాయిల్‌ని పెద్దగా పైకి పోనివ్వదు. టీసీ విలువ తెలిసేది దూది ఎండుతున్నప్పుడు. పొడి దూది 215 నుంచి 230 మధ్య గోధుమ రంగుకి తిరగడం మొదలవుతుంది. అందుకే 190 దగ్గర మొదలుపెట్టి అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ 220 లోపలే ఆగడం నా సలహా. 250 పెడితే గానీ ఆవిరి రావట్లేదంటే మీ లిక్విడ్‌నీ నాలుకనీ అనుమానించకండి, బేస్ రెసిస్టెన్స్ తప్పుంది.

### నా పరికరం నిజం చెబుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో చేయగలిగినది దూది పరీక్ష. కాయిల్‌లో కొత్త పొడి దూది పెట్టండి, లిక్విడ్ చుక్క కూడా వద్దు. చల్లగా ఉండగా బేస్ చదివించండి. వాట్లు బాగా తగ్గించి 170 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. రెండు మూడు సెకన్లు నొక్కి వదలండి, దూది తీగకి తగిలే చోట చూడండి. పది డిగ్రీల చొప్పున పెంచండి. 200 దగ్గర దూది తెల్లగానే ఉండి, 220 ప్రాంతంలో లేత గోధుమ గీత కనిపిస్తే పరికరం దారిలోనే ఉంది. 190కే గోధుమ రంగొస్తే నిజమైన వేడి ఎక్కువగా ఉంది: బేస్ మళ్లీ చదివించండి, అప్పటికీ అంతే అయితే టీసీఆర్ తగ్గించండి. 240 దాటినా తెల్లగానే ఉంటే తిరగేసి చేయాలి.

ఈ పరీక్ష చేసేటప్పుడు నోట్లో పెట్టుకోకూడదు. కిటికీ తీసి, పక్కన నీళ్లు పెట్టుకుని చేయండి. తీగ ఎర్రబడటం కనిపిస్తే వెంటనే వదిలేయండి, టీసీ అసలు పనిచేయట్లేదని అర్థం. ఎంతసేపు నొక్కారు, దూది ఏ రకం అన్నదాన్ని బట్టి 10, 15 డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. రోజువారీ వాడకానికి అది చాలు.

### ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే సరిపోదా?

పనికిరాదు. మెరిసే లోహం తన వేడికి తగ్గ కిరణాలు పంపదు, పైగా గన్ చూసే వలయం కాయిల్ కన్నా పెద్దది. సన్నటి థర్మోకపుల్ (తగిలించి వేడి కొలిచే తీగ సెన్సర్) కాస్త నయం, కానీ దాన్ని తీగకి ఆనించగానే అదే తీగ వేడిని లాగేస్తుంది, ఆనిన చోటుని బట్టి అంకె మారుతుంది.

### తీగ టీసీఆర్ నేనే కనుక్కోవచ్చా?

కనుక్కోవచ్చు, సరదాగా కూడా ఉంటుంది. చుట్టిన కాయిల్‌తో కాక పొడవాటి తీగతో చేయండి. 28 గేజ్ ఎస్ఎస్316ఎల్ ఒక మీటరు దాదాపు 9 ఓంలు ఉంటుంది, కాబట్టి 0.01 ఓం దాకా చూపే మల్టీమీటర్ చాలు. తీగని చుట్లు తగలకుండా వదులుగా చుట్టి గది నీటిలో ముంచి రెసిస్టెన్స్, నీటి వేడి రాసుకోండి. తర్వాత మరుగుతున్న నీటిలో ముంచి మళ్లీ కొలవండి. మీటర్ వైర్ల రెసిస్టెన్స్‌ని రెండుసార్లూ తీసేయండి. పెరిగిన ఓంలని మొదటి ఓంలతో, పెరిగిన డిగ్రీలతో భాగిస్తే టీసీఆర్ వస్తుంది. 25 నుంచి 100కి వెళ్తే పెరిగేది 0.6 ఓం చుట్టుపక్కల ఉండాలి. ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు 100కన్నా తక్కువకే మరుగుతాయి, అది చూసుకోండి. ఎస్ఎస్316ఎల్ అని కొన్న తీగ వేరే రకం అయితే ఇక్కడే బయటపడుతుంది.

### టీఎఫ్ఆర్ అంటే?

టీసీఆర్ ఒక్క అంకె, అంటే రెసిస్టెన్స్ సరళరేఖలా పెరుగుతుందని నమ్మడం. నిజానికి, ముఖ్యంగా నికెల్‌లో, అది కొంచెం వంగుతుంది. వేడిని బట్టి రెసిస్టెన్స్ ఎలా మారుతుందో పట్టికలా ఇచ్చేదే టీఎఫ్ఆర్. ఎస్‌క్రైబ్‌లో ఆ ఫైల్ ఎక్కించవచ్చు, కొన్ని జాయ్‌టెక్, విస్మెక్, ఈలీఫ్ మాడ్‌లకి ఆర్కిటిక్‌ఫాక్స్ ఫర్మ్‌వేర్‌తో ఆ సౌకర్యం వస్తుంది. ఎస్ఎస్316ఎల్‌కి టీసీఆర్‌తో సరిపెట్టుకోవచ్చు.

### టెంపరేచర్ ప్రొటెక్ట్ అని మాటిమాటికీ వస్తోంది. పాడైందా?

ఆ మాట లోపం కాదు, పెట్టిన వేడికి చేరానని చెప్పడమే. ఆవిరి బాగా వస్తూ ఆ మాట కనిపిస్తే వదిలేయండి. ఆవిరి లేకుండా నొక్కగానే వస్తుంటే వరసగా చూడండి: లిక్విడ్ ఉందా, దూది తడిగా ఉందా, స్క్రూలు బిగుతుగా ఉన్నాయా, లోహం సరైనదే ఎంచుకున్నారా, బేస్ విలువ కాయిల్ కొత్తగా పెట్టినప్పటిదానికన్నా తగ్గిందా. దూది ఎండిపోయి ఉండటమే ఎక్కువసార్లు కారణం, అప్పుడు టీసీ తన పని తాను చేస్తున్నట్టే.

### ఎర్రగా కాల్చి కాయిల్ శుభ్రం చేయొచ్చా?

టైటానియం, నికెల్ కాయిల్స్‌ని అస్సలు వద్దు. టైటానియం బాగా కాలితే పైన తెల్లటి ఆక్సైడ్ పొడి ఏర్పడుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కాదు. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లు ఎన్ఐ200 జోలికే వెళ్లకపోవడం మంచిది. స్టీల్‌ని కూడా మెరిసేదాకా కాల్చకుండా, నీళ్లలో మెత్తటి బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. కాయిల్ ధర కన్నా మీ ఊపిరితిత్తులు విలువైనవి కదా, మసి పట్టిందనిపిస్తే కొత్తది వేయండి.

### టీసీ వాడితే వేపింగ్ హాని లేనిదవుతుందా?

కాదు. గ్లైకాల్, గ్లిజరిన్ అతిగా వేడెక్కినా, దూది మాడినా ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి హానికర పదార్థాలు పెరుగుతాయి. సరిగ్గా పనిచేసే టీసీ ఆ ఒక్క దారిని ఇరుకు చేస్తుంది. నికోటిన్ అలవాటు, ఫ్లేవర్ల వల్ల వచ్చే సమస్యలు, లోహపు కణాలు అలాగే ఉంటాయి. పొగతాగని వాళ్లు టీసీ ఉంది కదా అని మొదలుపెట్టడానికి ఇది కారణం కానే కాదు.

### రెడీమేడ్ కాయిల్స్, పాడ్‌లతో టీసీ కుదురుతుందా?

కాయిల్ మీదో పెట్టె మీదో ఎస్ఎస్316ఎల్, నికెల్, టైటానియం అని స్పష్టంగా రాసి ఉంటే కుదురుతుంది. మెష్ (జాలీ) అని మాత్రమే ఉంటే అది కాంథాలో నిక్రోమో అయ్యే అవకాశమే ఎక్కువ. అనుమానం ఉంటే టీసీ మోడ్‌లో తక్కువ వాట్లు పెట్టి, దూది తడిగా ఉండగా నొక్కి, రెసిస్టెన్స్ చూడండి. 0.50 చూపించే కాయిల్ వేడెక్కినప్పుడు 0.58, 0.59 దాకా పెరుగుతుంటే అది స్టీల్. రెండో అంకె కూడా కదలకపోతే దాన్ని వాటేజ్ మోడ్‌లోనే వాడండి.